“ఊపిరితిత్తుల్లో నీరు” నిజానికి ఊపిరితిత్తుల్లో ఉండదు: సూది ఎక్కడికి వెళ్తుంది, నీరు మళ్ళీ ఎందుకు ఊరుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నరసన్నపేట దగ్గర ఊళ్ళో ఉంటున్న మీ నాన్నగారికి 62 ఏళ్ళు. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎక్స్‌రే తీసి కుడివైపు “ఊపిరితిత్తుల్లో నీరు” అన్నారు. స్కానింగ్‌లో సుమారు 900 మిల్లీలీటర్లు అని రాశారు. ఎల్లుండి సూదితో తీస్తామంటున్నారు. నాలుగేళ్ళ కిందట మీ పెదనాన్నగారికి లివర్ పాడై కడుపులో నీరు తీశారు, అది మళ్ళీ మళ్ళీ ఊరింది, ఆయన దక్కలేదు. అందుకని ఇంట్లో అందరూ సూది వద్దంటున్నారు. ఊపిరితిత్తికి బెజ్జం పడితే ఎలా అని మీకూ టెన్షన్‌గా ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను. తీయించండి. సూదిని ఊపిరితిత్తిలోకి పంపరు. ఆ నీరు ఊపిరితిత్తి బయట, దాని చుట్టూ ఉన్న రెండు పొరల మధ్య ఉంది. సూది చేరాల్సింది అక్కడికే. మీ పెదనాన్నగారి నీరు వేరే గదిలోది, వేరే కారణంతో చేరినది. ఇంకో మాట, తీయడం ఎంత అవసరమో తీసిన నీటిని పరీక్షకు పంపడం అంతకంటే అవసరం.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఇరవై ఆరేళ్ళుగా ఈ జిల్లాలోనే పని, మొదట టెక్కలి వైపు, తర్వాత శ్రీకాకుళం టౌన్లో. “ఏటి డాక్టరుగారూ, ఒకపాలి సూది ఏస్తే మరి నీరు ఆగదంట కదా?” అన్న మాట వినని నెల లేదు. ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో కూడా చెబుతాను. అది పూర్తిగా అబద్ధం కాదు కాబట్టే ఇంత గట్టిగా పాతుకుపోయింది.

మనిషి మొండేన్ని రెండు అంతస్తులనుకోండి. రెంటికీ మధ్య గొడుగులా పైకి ఉబ్బిన కండరం ఉంటుంది, అదే డయాఫ్రమ్. ఇంటర్ పుస్తకాల్లో విభాజక పటలం అని చదివే ఉంటారు. పై అంతస్తులో కుడి ఊపిరితిత్తికి ఒక గది, ఎడమదానికి ఒక గది, మధ్యలో గుండెకి ఒకటి. మామూలుగా వీటి మధ్య దారి ఉండదు. కుడివైపు దాదాపు లీటరు నీరు చేరినా మీ నాన్నగారు మూడు వారాలు నెట్టుకొచ్చారంటే, ఎడమ గది పొడిగా ఉండి ఆ ఊపిరితిత్తి తన పని చేసుకుపోవడం వల్లే. కింది అంతస్తులో పొట్ట, కటిభాగం కలిపి ఒకటే పెద్ద హాలు, మధ్యలో గోడ లేదు. ఇవి కాక వెనకవైపు పుర్రెలోనూ వెన్నుపూసల్లోనూ మెదడు, వెన్నుపాము ఉండే గది వేరు.

ఇక పొరల సంగతి. సంచిలో వంకాయలు వేసినట్టు అవయవాలన్నీ సంచుల్లో ఉంటాయని చాలామంది అనుకుంటారు. అలా ఉండవు. ఒక చిన్న పాలిథిన్ కవర్లో చెంచాడు నూనె పోసి, గాలి లేకుండా మూతి ముడి వేయండి. ఇప్పుడు ఆ కవరుని ఒక పక్క నుంచి పిడికిలితో లోపలికి నొక్కండి. కవరు పిడికిలి చుట్టూ మూసుకుంటుంది. పిడికిలికి ఆనుకుని ఒక పొర, బయట ఇంకో పొర, రెంటి మధ్య నూనె. పిడికిలి మాత్రం కవరు లోపల లేదు, చేతికి నూనె అంటదు. పిడికిలి బదులు ఊపిరితిత్తిని ఊహించుకోండి. ఆ కవరే ప్లూరా. గుండె చుట్టూ ఉన్నది పెరికార్డియం, అదే హృదయావరణ త్వచం. పేగులు, లివర్ చుట్టూ ఉన్నది పెరిటోనియం. మూడూ ఒకే జాతి, వీటిని సీరస్ పొరలంటాం. నోరు, ముక్కు, పేగుల లోపలి గోడకుండే జిగురుపొర వేరే జాతి. అది బయటి ప్రపంచానికి తెరుచుకునే దారుల్లో ఉంటుంది. సీరస్ పొర మూసి ఉన్న గదిలో ఉంటుంది. ఒక్క చోట మాత్రం మినహాయింపు, ఆడవాళ్ళలో ఫెలోపియన్ గొట్టాల చివర పొట్ట గదిలోకి తెరుచుకుని ఉంటుంది.

ఈ పొరల మధ్య తడి ఎందుకు? భోజనాలయ్యాక కడిగిన స్టీలు పళ్ళాలు రెండు ఒకదానికొకటి అతుక్కుపోవడం చూసే ఉంటారు. పక్కకి జరిపితే సులువుగా జారతాయి. విడదీయాలంటే మాత్రం రావు. ఊపిరితిత్తికి కావలసింది సరిగ్గా అదే. ఛాతీ గోడ పైకి లేచినప్పుడు ఊపిరితిత్తి దానితోపాటే సాగాలి, రాపిడి లేకుండా జారాలి. అందుకు ఒక్కో వైపు సుమారు రెండు చెంచాల తడి చాలు. మీ నాన్నగారికి అక్కడ 900 మిల్లీలీటర్లుంది. పళ్ళాలు విడిపోయాయి, ఊపిరితిత్తి కింది భాగం నొక్కుకుపోయింది. ఆయాసం అందువల్లే.

ఆ తడి నిలవనీరు కాదు. ఒకవైపు నుంచి ఊరుతుంటుంది, ఇంకోవైపు ఛాతీ గోడ వైపు పొరలో ఉన్న సన్నని రంధ్రాల గుండా లింఫ్ నాళాల్లోకి పోతుంటుంది. వంశధార కాలువ కింద సాగు చేసిన కుటుంబానికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువు నిండిందంటే వచ్చే నీరైనా పెరగాలి, తూమైనా పూడిపోవాలి. గుండె బలహీనపడితే, కిడ్నీ పనిచేయకపోతే, లివర్ చెడి రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గితే, పొర బాగానే ఉన్నా నీరు ఎక్కువగా ఊరుతుంది. టీబీ, నిమోనియా, క్యాన్సర్ లాంటివాటిలో పొరకే జబ్బు చేస్తుంది. అప్పుడు ప్రొటీన్ కూడా కారిపోతుంది, తూమూ పూడుతుంది.

ఈ రెంటిలో ఏదో చెప్పేది తీసిన నీరే. 1972లో రిచర్డ్ లైట్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు పెట్టిన లెక్కనే ఇప్పటికీ వాడుతున్నాం. నీటిలోని ప్రొటీన్ రక్తంలోని ప్రొటీన్‌లో సగానికి మించినా, నీటిలోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైము రక్తపు ఎల్‌డీహెచ్‌లో 0.6 వంతు దాటినా, లేదా రక్తానికున్న సాధారణ గరిష్ఠ పరిమితిలో మూడింట రెండొంతులు దాటినా, జబ్బు పొరదే అనుకుని వెతకాలి. అందుకే నీరు తీసే రోజే రక్తపరీక్ష కూడా ఉండాలి. రక్తం అంకె లేకపోతే నీటి అంకెతో పోల్చడానికేమీ ఉండదు.

ఒక కేసు చెబుతాను. కొన్నేళ్ళ కిందట భావనపాడు వైపు తీరం నుంచి ఒక మత్స్యకారుడు వచ్చాడు, నలభై దాటని మనిషి. అంతకుముందు వేరే చోట రెండుసార్లు నీరు తీశారు. రెండుసార్లూ సీసా నింపి, చూపించి, పారబోశారు. ఒక్క పరీక్షా రాయలేదు. తీసిన వారం ఆయనకి హాయిగా ఉండేది, మూడో వారానికి మళ్ళీ ఆయాసం. “సూది వల్లే ఊరుతోంది” అని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు, మూడోసారి తీయనివ్వలేదు. మా దగ్గరికి వచ్చేసరికి రెండు నెలలు గడిచాయి. నీరు పలచగా లేదు, పొరల మధ్య అరలు అరలుగా గడ్డకట్టింది. పరీక్షలో ఏడీఏ అనే ఎంజైము బాగా ఎక్కువగా వచ్చింది. టీబీ. ఆరు నెలల మందులతో జబ్బు తగ్గింది కానీ, పొర తోలులా దళసరెక్కి ఊపిరితిత్తిని విచ్చుకోనివ్వలేదు. విశాఖలో ఆపరేషన్ చేసి ఆ పొరని వలవాల్సి వచ్చింది. మొదటి సీసాలోంచి చిన్న గొట్టాడు ల్యాబుకి పంపి ఉంటే ఆ ఆపరేషన్ తప్పేదని నా గట్టి నమ్మకం. ఇప్పటికీ ఆ కుటుంబం గుర్తొస్తే బాధేస్తుంది.

మీ నాన్నగారికి ఒకవైపే నీరు, మూడు వారాల దగ్గు, సాయంత్రం జ్వరం. మన ప్రాంతంలో ఇలా వస్తే ముందు టీబీనే అనుమానిస్తాం. అలాగని చూడకుండా తేల్చలేను. ఆ వయసులో క్యాన్సర్ కణాల కోసం కూడా చూడాలి, అందుకని కాస్త ఎక్కువ నీరు, ఓ 50-60 మిల్లీలీటర్లు, ఆ పరీక్షకి పంపడం మంచిది. నీటిలో టీబీ క్రిమి కనిపించలేదంటే టీబీ కాదని అర్థం కాదు. ప్లూరా టీబీలో నీటిలో క్రిములు చాలా తక్కువ, నీరు ఎక్కువగా శరీరం చేసే ప్రతిఘటన వల్ల వస్తుంది. అందుకే ఏడీఏ చూస్తాం. సాధారణంగా 40 దాటితే, నీటిలో లింఫోసైట్లు అనే తెల్లకణాలే ఎక్కువుంటే, అనుమానం బలపడుతుంది. కళ్ళె కూడా పరీక్షకి ఇవ్వండి. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పోషణ కోసం నెలకి 500 రూపాయలుగా ఉన్న సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. మందులు ప్రైవేటులో కొనుక్కునే స్తోమత ఉన్నా పేరు నమోదు చేయించండి.

సూది ఎలా వేస్తారో కూడా తెలిస్తే భయం సగం పోతుంది. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు వేసి, చేతులు దాని మీద ఆనించి వంగమంటారు. స్కాన్ పెట్టి నీరు ఎక్కడ లోతుగా ఉందో చూసి వీపు మీద గుర్తు పెడతారు. మత్తు ఇంజెక్షన్ చర్మానికి, బయటి పొరకి ఇస్తారు. ఆ పొరకే నొప్పి తెలుస్తుంది, ఊపిరితిత్తికి అతుక్కున్న పొరకి తెలియదు. సూదిని పక్కటెముక పై అంచు మీదుగా పంపుతారు, ఎందుకంటే నరం, రక్తనాళాలు ప్రతి ఎముక కింది అంచున నడుస్తాయి. 900 మిల్లీలీటర్ల నీరంటే ఊపిరితిత్తి సూదికి దూరంగా జరిగి ఉంటుంది. ఎప్పుడైనా సూది తగిలి గాలి చేరే అవకాశం బొత్తిగా లేదని అనను. ఉంది. స్కాన్ చూసి చేస్తే చాలా తక్కువ. తీసేటప్పుడు కదలకూడదు, పెద్దగా దగ్గకూడదు, దగ్గొస్తే ముందే చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఈరోజే డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి.

నీరు తగ్గేకొద్దీ దగ్గు వస్తుంది. కంగారు పడకండి, నొక్కుకున్న ఊపిరితిత్తి విచ్చుకుంటోందని గుర్తు. కానీ ఛాతీ బిగబట్టినట్టున్నా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపించాలి. ఒక విడతలో లీటరు, మహా అయితే లీటరున్నర. అంతకు మించి తీయం. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక పెద్దాయనకి రెండు లీటర్లకు పైగా తీశాను. ఆయన హాయిగా ఉందన్నారు, కొడుకు “ఇంకా తీసెయ్యండి” అన్నాడు, నేను విన్నాను. రాత్రికి ఆయాసం, నురగలాంటి కళ్ళె. చాలాకాలం నొక్కుకున్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దాని లోపలే నీరు దిగుతుంది. ఆక్సిజన్ మీద రెండు రోజులుంచాం, బతికారు. ఆ రాత్రి నుంచి ఎవరెంత అడిగినా లీటరు దగ్గర ఆగి ఆలోచిస్తాను. మీ డాక్టరు “ఈరోజుకింతే” అంటే పట్టుబట్టకండి.

ఇక్కడే ఇంకో తేడా చెప్పాలి. గుండెజబ్బువాళ్ళకి అర్ధరాత్రి ఉన్నట్టుండి ఆయాసం వచ్చినప్పుడు కూడా “లంగ్స్‌లో నీరు” అనే అంటారు. అది నిజంగా ఊపిరితిత్తి లోపల, గాలి గదుల్లో చేరే నీరు. దాన్ని సూదితో తీయలేం, ఇంజెక్షన్లతో మూత్రం ద్వారా దించాలి. ఒకే మాటకి రెండు అర్థాలుండటం వల్ల ఎంతమంది గందరగోళపడ్డారో. ఎవరైనా “నీరు” అంటే “లోపలా, చుట్టూనా?” అని అడగండి.

ఇప్పుడు మీ పెదనాన్నగారి విషయం. లివర్ గట్టిపడితే దాని గుండా వెళ్ళాల్సిన రక్తానికి అడ్డుకట్ట పడి పీడనం పెరుగుతుంది, పెరిటోనియం గదిలోకి నీరు దిగుతుంది. అక్కడ సూది వేసేది పొట్ట ఉబ్బరం, ఆయాసం తగ్గించడానికి, నీటిలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి. లివర్ బాగుపడనంతకాలం ఆ నీరు ఊరుతూనే ఉంటుంది, సూది వేసినా, వేయకపోయినా. ఆయన పోయింది సూది వల్ల కాదు. మీ పెద్దమ్మగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి, నాలుగేళ్ళుగా ఆమె తనని తానే నిందించుకుంటూ ఉండొచ్చు.

మన పల్లెల్లో “తీస్తే ఊరుతుంది” అనే నమ్మకం పుట్టింది రెండు జబ్బుల నుంచి. ఒకటి ఈ లివర్ నీరు. రెండోది వరిబీజం. మగపిల్లాడు తల్లి కడుపులో ఉండగా పెరిటోనియంలో ఒక ముక్క వృషణంతోపాటు కిందికి దిగి దాని చుట్టూ పొరగా మిగులుతుంది. ఫైలేరియా వల్లో, ఇంకో కారణంతోనో ఆ పొరలో నీరు చేరడమే వరిబీజం. సూదితో తీస్తే తాత్కాలికంగా తగ్గుతుంది, మళ్ళీ నిండుతుంది, ఆపరేషనే దానికి దారి. ఫైలేరియా ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఈ జిల్లాలో తాతల కాలం నుంచీ అందరూ చూసింది ఇదే. ఆ రెండు చోట్లా వాళ్ళు గమనించింది నిజమే. మూడో చోటికి, ఊపిరితిత్తి గదికి, అదే సూత్రం పట్టుకెళ్ళడమే పొరపాటు. టీబీ వల్ల చేరిన నీరు సరైన మందులు పడితే మామూలుగా మళ్ళీ చేరదు. క్యాన్సర్ వల్ల చేరే నీరు మళ్ళీ రావచ్చు. అప్పుడు పొరల మధ్య టాల్కు పొడి పంపి రెంటినీ కావాలనే అతికించేస్తాం. పొరల మధ్య ఖాళీ లేకుండా ఎలా బతుకుతారంటారా? ఒడిశా వైపు నుంచి మన పార్వతీపురం, కొత్తూరు అడవుల్లోకి వచ్చే ఏనుగులకి ఆ ఖాళీ ఉండనే ఉండదు. వాటి ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కునే ఉంటుంది.

పొట్ట పొర గురించి ఉద్దానం ఊసెత్తకుండా రాయడం నా వల్ల కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు పోయినవాళ్ళని మేం ఏళ్ళుగా చూస్తున్నాం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. డయాలసిస్ అంటే అందరికీ మెషినే తెలుసు. ఇంట్లోనే చేసుకునే ఇంకో పద్ధతి ఈ పెరిటోనియంతోనే. దాన్ని పరిస్తే దాదాపు మన ఒంటి చర్మమంత విస్తీర్ణం. పొట్టలోకి సన్నని గొట్టం అమర్చి, సుమారు రెండు లీటర్ల చక్కెర ద్రవం నింపి, నాలుగైదు గంటలుంచితే, పొరలోని రక్తనాళాల నుంచి యూరియా, అదనపు నీరు ఆ ద్రవంలోకి వచ్చేస్తాయి. దాన్ని వంపేసి కొత్తది నింపాలి, రోజుకి మూడు నాలుగు సార్లు. కిడ్నీలు ఉండేది ఈ పొర వెనక, దాని బయట. అవి చేయలేని పనిని ముందున్న పొర చేస్తుంది. కవిటి వైపు ఒక ఆవిడ మూడేళ్ళు ఇలా నెట్టుకొచ్చింది, చేతులు కడుక్కోవడం, మాస్కు, అన్నీ నియమంగా. ఒకరోజు వంపిన ద్రవం “గంజినీళ్ళలా ఉందండి” అని ఫోన్ చేసి, సాయంత్రానికల్లా బస్సెక్కి వచ్చేసింది. పొరకి ఇన్ఫెక్షన్. అదే రోజు మందు పడింది కాబట్టి గొట్టం తీయకుండానే తగ్గింది. ఎవరింట్లోనైనా ఈ పద్ధతి వాడుతుంటే ద్రవం మసకగా కనిపించిన రోజే రావాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు.

గుండె పొర గురించి ఒక్క మాట. దాని బయటి కవచం గట్టిది, చప్పున సాగదు. నెలల తరబడి నెమ్మదిగా చేరితే లీటరు దాకా ఓర్చుకుంటుంది. గంటల్లో చేరితే ఒక గ్లాసుడు నీరే గుండెని నొక్కేసి ప్రాణం మీదికి తెస్తుంది. బీపీ పడిపోయి, మెడ నరాలు ఉబ్బి, ఆయాసపడుతుంటే ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే. టీబీ ఈ పొరకీ రావచ్చు, కాబట్టి మీ నాన్నగారికి ఒకసారి ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించమని నేనైతే అడుగుతాను.

ఎల్లుండి ఉదయం మీరు చేయాల్సింది చెబుతాను. పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మాత్రల చీటీ పట్టుకెళ్ళండి. స్కాన్ చూసి తీస్తారా అని అడగండి. నీటిని ప్రొటీన్, ఎల్‌డీహెచ్, షుగర్, కణాల లెక్క, ఏడీఏ, క్యాన్సర్ కణాలు, కల్చర్‌కి (క్రిములని పెంచి చూసే పరీక్ష) పంపుతున్నారా అని అడిగి, కుదరకపోతే సీసా మీరే ల్యాబులో ఇచ్చి రసీదు తీసుకోండి. తీశాక ఒకటి రెండు గంటలు అక్కడే ఉంచి, ఆయాసం పెరిగినా, గుచ్చినట్టు నొప్పి వచ్చినా మళ్ళీ ఎక్స్‌రే అడగండి. ఇంటికెళ్ళాక రాత్రి అలా జరిగితే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

రిపోర్టులు రెండు మూడు రోజుల్లో వస్తాయి, కల్చర్‌కి మాత్రం వారాలు పట్టొచ్చు. వచ్చిన అంకెలు, వాటితోపాటు అదే రోజు తీసిన రక్తం అంకెలు ఇక్కడ రాయండి. నీటి రంగు ఎలా ఉందో కూడా రాయండి, లేత పసుపా, ఎరుపా, చీములానా. చూసి నాకు తోచింది చెబుతాను.